గుండె జబ్బుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరే కుక్కను ఇంట్లో చూసుకోవడం ఎలా?

ఎక్స్‌రే చూసి ‘గుండె సైజు పెరిగింది, లంగ్స్‌లో నీరు పట్టింది’ అన్నారు డాక్టరుగారు. ఇంజెక్షన్లు చేశారు, ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి కుక్క తేరుకుంది. మూడు నాలుగు రకాల మాత్రలు రాసి ఇంటికి పంపారు. ప్రశ్నలన్నీ అక్కణ్నుంచే మొదలవుతాయి. మాత్రలు ఎన్నాళ్లు వేయాలి? నీళ్లు తగ్గించాలా? పెరుగన్నం పెట్టొచ్చా? సాయంత్రం బీచికి తీసుకెళ్లొచ్చా? దగ్గు తగ్గలేదంటే మందు పనిచేయనట్టేనా? విశాఖలో ముసలి పొమేరియన్, స్పిట్జ్, పగ్, డాక్స్‌హుండ్ ఉన్న ఇళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివే. అందుకే అన్నీ ఒక్కచోట, చేయాల్సిన వరసలో రాస్తున్నాం.

జబ్బు ఇదేనని డాక్టరు ఖాయం చేశాక చదవాల్సిన విషయమిది. ఇందులోని మోతాదులు మీ చీటీ మీకు అర్థమవడానికే గాని, చీటీ లేకుండా మందు మొదలుపెట్టడానికి కాదు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. చిన్న జాతుల్లో వయసు పైబడ్డాక గుండెలో ఎడమవైపు కవాటం మందమై, సరిగా మూసుకోక, రక్తం వెనక్కి తంతుంది. డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో గుండె కండరమే సాగి నీరసపడుతుంది. ఎడమవైపు దెబ్బతింటే నీరు ఊపిరితిత్తుల్లోకి, కుడివైపు దెబ్బతింటే పొట్టలోకి చేరుతుంది. మాత్రలు ఆ కవాటాన్ని బాగు చేయవు. నీరు చేరకుండా రోజూ బయటికి తోడుతుంటాయి, గుండె మీద బరువు తగ్గిస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ‘కుక్క బాగుంది కదా, ఇక మాత్రలు ఆపేద్దాం’ అనే ఆలోచన రాదు. ఇంటికెళ్లిన కుక్కలు పది పదిహేను రోజుల్లో మళ్లీ ఆయాసంతో క్లినిక్‌కి రావడానికి తరచూ కనిపించే కారణం ఆ ఆలోచనే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- సెకన్లు చూపించే గడియారం, లేదా ఫోన్‌లో స్టాప్‌వాచ్
- ఒక నోట్‌బుక్ (ఫోన్‌లో రాసుకున్నా సరే, ఇంట్లో అందరికీ కనిపించేలా ఉండాలి)
- మాత్రలు కోసే కట్టర్. మెడికల్ షాపులో దొరుకుతుంది. కత్తిపీటతోనో బ్లేడుతోనో కోస్తే ముక్కలు సమానంగా రావు
- ఉదయం, సాయంత్రం గదులున్న మాత్రల డబ్బా
- బరువు తూచే మిషన్, దర్జీలు వాడే టేపు
- మెడ పట్టీకి బదులు ఛాతీకి కట్టే హార్నెస్
- కనీసం 15 రోజులకు సరిపడా మందులు
- రాత్రిపూట తెరిచి ఉండి, ఆక్సిజన్ ఇవ్వగలిగే రెండు క్లినిక్‌ల ఫోన్ నంబర్లు, తలుపు వెనక పెద్ద అక్షరాలతో

1. నిద్రలో ఊపిరి లెక్కపెట్టండి

మిగతావన్నీ మరిచినా దీన్ని మరవకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైతే మొట్టమొదట మారేది నిద్రలో ఊపిరి వేగమే. దగ్గు, ఆయాసం, తిండి మానేయడం ఆ తర్వాతే కనిపిస్తాయి.

కుక్క గాఢంగా నిద్రపోయాక దూరంగా కూర్చుని ఛాతీని గాని డొక్కను గాని చూడండి. పైకి లేచి, కిందికి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. పొమేరియన్‌లాగా బొచ్చు ఎక్కువుంటే డొక్క దగ్గర చూస్తే తెలుస్తుంది. ఫోన్‌లో నిమిషం వీడియో తీసుకుని తీరిగ్గా లెక్కపెట్టినా మంచిదే, డాక్టరుకు పంపడానికీ పనికొస్తుంది.

ఇంటికొచ్చిన మొదటి వారం రోజుకు రెండుసార్లు రాయండి. ఆ ఏడు రోజుల సగటే మీ కుక్క మామూలు అంకె. మందులు సరిగా పనిచేస్తున్న చాలా కుక్కల్లో అది 25 లోపే ఉంటుంది. తర్వాత రోజుకు ఒకసారి చాలు.

అంకెను ఇలా చదవండి:

- 30 లోపు, రోజూ ఉన్నంతే: మందు సరిపోతోంది.
- 30 లోపే గాని రోజూ కంటే పెరుగుతోంది: ఉదాహరణకు ఎప్పుడూ 18 ఉండేది వరసగా మూడు రోజులు 24 చూపిస్తే డాక్టరుకు ఫోన్ చేయండి. 30 దాటే దాకా ఆగనక్కర్లేదు.
- 30 నుంచి 40: అరగంట, గంట ఆగి మళ్లీ లెక్కపెట్టండి. అప్పుడూ అలాగే ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి.
- 40 పైన, లేదా అంకె ఎంతైనా కుక్క అవస్థ పడుతుంటే: బయల్దేరండి. పదో అంశం చూడండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ఛాతీ లేవడం ఒకటి, దిగడం ఒకటి అని లెక్కపెడితే 20 కాస్తా 40 అవుతుంది. అర్ధరాత్రి కంగారుగా వచ్చే ఫోన్లలో కొన్ని ఇలాంటివే. కలలో కాళ్లాడిస్తూ, మూలుగుతూ ఉన్నప్పుడు లెక్క పనికిరాదు, అది తగ్గే దాకా ఆగండి. నాలుక బయటపెట్టి రొప్పుతున్నప్పుడు అసలు లెక్కపెట్టకండి. విశాఖలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోతకే ఊపిరి వేగం పెరుగుతుంది. ఆ నెలల్లో రోజూ ఒకే చోట, ఫ్యాను కిందో ఏసీ గదిలోనో, ఒకే వేళకు చూడండి. వేడికి పెరిగిందేమో అనిపిస్తే గదిని చల్లబరిచి గంట తర్వాత మళ్లీ చూడండి. చల్లటి గదిలోనూ దిగలేదంటే అది వేడి వల్ల కాదు.

2. మందులకు వేళలు కట్టండి

చాలా చీటీల్లో కనిపించే మందులు నాలుగు. ఫ్యూరోసెమైడ్ (లాసిక్స్ పేరుతో ఎక్కువమందికి తెలుసు) నీటిని మూత్రంగా పంపుతుంది. పైమోబెండన్ గుండె కొట్టుకునే బలాన్ని పెంచి, రక్తనాళాలను వదులు చేస్తుంది. ఎనలాప్రిల్ లేదా బెనజెప్రిల్ రక్తనాళాలు బిగుసుకోకుండా చూస్తుంది. స్పైరనోలాక్టోన్ ఫ్యూరోసెమైడ్‌కు తోడుగా ఉంటుంది.

సాధారణంగా పైమోబెండన్ కిలో బరువుకు 0.25 నుంచి 0.3 మి.గ్రా., 12 గంటలకోసారి. ఫ్యూరోసెమైడ్ చాలామంది కిలోకు 2 మి.గ్రా. దగ్గర, రోజుకు రెండుసార్లు మొదలుపెడతారు, అవసరాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. అంటే 5 కిలోల కుక్కకు ఒక పూటకు 10 మి.గ్రా., 40 మి.గ్రా. మాత్రలో పావు. మీ చీటీలో అంకె దీనికి చాలా దూరంగా ఉంటే భయపడకండి, ఎందుకలా రాశారో అడగండి. కారణం ఉండే ఉంటుంది.

రోజు ఇలా నడిస్తే ఇల్లూ కుక్కా రెండూ తేలిగ్గా ఉంటాయి:

- ఉదయం 6: ఖాళీ కడుపున పైమోబెండన్
- 7: తిండి, దాంతో ఫ్యూరోసెమైడ్, మిగతా మాత్రలు
- 8 లోపు: మూత్రానికి బయటికి
- సాయంత్రం 6: పైమోబెండన్
- 7: తిండి, దాంతో ఫ్యూరోసెమైడ్ రెండో మోతాదు, మిగతా మాత్రలు
- 8కి ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి బయటికి

పైమోబెండన్ తిండికి గంట ముందు వేయమనడానికి కారణం ఉంది. కడుపులో అన్నం ఉంటే అది ఒంటికి సరిగా పట్టదు. ఫ్యూరోసెమైడ్ గంటలోపే పని మొదలుపెట్టి దాదాపు ఆరు గంటలు ఉంటుంది. రాత్రి 10కి వేస్తే తెల్లవార్లూ మీరూ కుక్కా మెలకువగానే ఉండాలి. మీ ఉద్యోగం షిఫ్టుల్లో ఉంటే గంటలు మార్చుకోండి, రెండు మోతాదుల మధ్య ఎడం మాత్రం 12 గంటలకు దగ్గరగా ఉంచండి.

ఒక పూట మరిచిపోతే? గుర్తొచ్చిన వెంటనే వేయండి. తర్వాతి మోతాదుకు ఇంకా రెండు మూడు గంటలే ఉంటే దీన్ని వదిలేసి, దాన్ని వేళకు వేయండి. రెండూ కలిపి ఎప్పుడూ వేయొద్దు. మింగిన మాత్ర వాంతిలో పూర్తిగా కనిపిస్తే ఫోన్‌లో అడిగి మళ్లీ వేయండి. కనిపించకపోతే ఒంటికి ఎంత పట్టిందో తెలియదు కాబట్టి సొంతంగా మళ్లీ వేయకండి.

మాత్ర దాచడానికి బ్రెడ్డు, చీజు, సాసేజి వద్దు, మూడింట్లోనూ ఉప్పుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొన, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, చిన్న అరటిపండు ముక్క వాడండి. గిన్నెడు అన్నంలో కలిపేస్తే సగం వదిలేసినప్పుడు మందూ సగమే వెళుతుంది. ముందు ఖాళీ ముద్ద ఒకటి, తర్వాత మాత్ర ఉన్న ముద్ద, వెంటనే ఇంకో ఖాళీ ముద్ద. ఈ వరస మొండి కుక్కల్లోనూ చాలాసార్లు పనిచేస్తుంది. వేశాక పరుపు కింద, సోఫా వెనక ఒకసారి చూడండి, బుగ్గలో దాచుకుని ఉమ్మేసే కుక్కలు ఉన్నాయి.

సముద్రం గాలికి మాత్రలు చెమ్మగిల్లి పొడి అవుతాయి. వంటింట్లో, ఫ్రిజ్ మీద పెట్టకండి. రేకు చించకుండా ఉంచి, కోసిన ముక్కల్ని కొద్ది రోజుల్లోనే వాడేయండి.

3. మెడికల్ షాపులో జాగ్రత్త

ఈ మందుల్లో చాలావరకు మనుషుల మందుల షాపులోనే దొరుకుతాయి. ప్రమాదమూ అక్కడే ఉంది. ‘లాసిక్స్ లేదండి, ఇదిగో లాసిలాక్టోన్ 50’ అని ఇచ్చేస్తారు. అందులో ఫ్యూరోసెమైడ్ 20 మి.గ్రా., స్పైరనోలాక్టోన్ 50 మి.గ్రా. ఉంటాయి. పేరు చివర 50 చూసి ఫ్యూరోసెమైడ్ 50 అనుకుంటే లెక్కంతా తప్పుతుంది. లాసిక్స్ 40 బదులు అదే వేస్తే అసలు మందు సగమే పడుతుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం టార్సెమైడ్, డైటార్ పేరుతో షాపుల్లో విరివిగా దొరికేది. ఇదీ నీరు తీసే మాత్రే గాని, మి.గ్రా.కు మి.గ్రా. చూస్తే ఫ్యూరోసెమైడ్ కంటే 10 నుంచి 20 రెట్లు బలమైనది. ఫ్యూరోసెమైడ్ లొంగని దశలో డాక్టర్లు దీనికి మారుస్తారు, అదీ చాలా తక్కువ మోతాదులో. షాపువాళ్లు ‘రెండూ ఒకటే’ అన్నా తీసుకోకండి. స్ట్రిప్ వెనక మందు పేరు, మి.గ్రా. రెండూ చీటీతో పోల్చి చూసుకున్నాకే డబ్బులివ్వండి. బ్రాండు మారిన ప్రతిసారీ ఆ స్ట్రిప్ ఫోటో డాక్టరుకు పంపండి.

చీటీలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) ఉంటే అడగడానికి మొహమాటపడకండి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగిన కుక్కలకు అది రాస్తారు.

4. నీళ్లు ఎప్పుడూ ఆపకండి

ఒంట్లో నీరు చేరింది కాబట్టి తాగే నీళ్లు తగ్గించాలన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. అది తప్పు, అపాయం కూడా. ఫ్యూరోసెమైడ్ వల్ల మూత్రం ఎక్కువ పోతుంది, దాహం వేస్తుంది. ఆ నీళ్లు అందకపోతే ముందు దెబ్బతినేవి మూత్రపిండాలు. రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టి ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఉప్పునీటి బోరు ఉన్న ఇళ్లలో మీరు తాగే నీళ్లే దానికీ పోయండి.

అపార్టుమెంటులో ఉండి లిఫ్టు మీద ఆధారపడాల్సి వస్తే బాల్కనీలో గాని బాత్రూములో గాని పీ ప్యాడ్ (మూత్రాన్ని పీల్చుకునే పరుపు) అలవాటు చేయండి. ఇన్నేళ్లూ ఇల్లు పాడుచేయని కుక్క ఇప్పుడు హాల్లో పోసిందంటే అది మందు ప్రభావం. కసరకండి.

5. తిండి: ఉప్పు తగ్గాలి, మాంసకృత్తులు తగ్గకూడదు

ఈ జబ్బులో కుక్కలు కండ కోల్పోతాయి. వెన్నెముక ఇరువైపులా, నుదుటి మీద పల్లాలు పడతాయి. కాబట్టి ‘పథ్యం’ పేరుతో పెరుగన్నం మాత్రమే పెడుతూ పోతే కుక్క నీరసపడుతుంది. చర్మం తీసిన చికెన్, గుడ్డు, ఉప్పు వేయని మంచినీటి చేప (ముల్లు తీసి), వాటితో అన్నం, గుమ్మడి, బీన్స్, క్యారెట్. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ ఏ కుక్కకూ పెట్టకూడదు. రెండు పెద్ద ముద్దల బదులు మూడు నాలుగు చిన్నవి పెడితే పొట్ట నిండిపోయి ఊపిరి ఇబ్బంది పడదు. ఎప్పుడూ ఇంటి తిండే పెట్టేవాళ్లు కాల్షియం లాంటి లోట్లు రాకుండా ఏం కలపాలో డాక్టరును అడగండి. లేదా గుండె జబ్బున్న కుక్కలకని అమ్మే తిండి గురించి అడగండి.

మన ఇళ్లలో ఉప్పు ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూడండి: ఇడ్లీ, దోసె (పిండిలోనే కలుపుతాం), చపాతీ పిండి, బిస్కెట్లు, రస్కులు, అప్పడం, చారు, మజ్జిగ, కూరలో కడిగి తీసిన చికెన్ ముక్క. కడిగినంత మాత్రాన లోపలికి ఇంకిన ఉప్పు పోదు. విశాఖలో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఎండు చేపలు. ఎండు నెత్తళ్లు కుక్కకు ప్రాణం, దాని గుండెకు మాత్రం గండం. నానబెట్టి ఉడికించినా పెట్టకండి. సైంధవ లవణం కూడా సోడియమే. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వేసుకునే కుక్కకు అది ఇంకో చిక్కు, ఆ మందులతో ఒంట్లో పొటాషియం మితిమీరే ప్రమాదం ఉంది. పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు రోజూ తాగించడమూ అందుకే వద్దు. నీరసంగా ఉందని ఓఆర్ఎస్ పట్టడం కూడా అంతే, అందులో ఉప్పుంది.

ఇంట్లో ఎవరో ఒకరు, ఎక్కువగా తాతయ్యో అమ్మమ్మో, ప్రేమకొద్దీ రోజూ రెండు బిస్కెట్లు పెడుతుంటారు. వాళ్లను కోప్పడితే చాటుగా పెడతారు. ఉడికించిన చికెన్ ముక్కలు చిన్న డబ్బాలో వేసి వాళ్ల చేతికిచ్చి, ‘మీరు ఇవే పెట్టండి’ అనండి. పెట్టే సంతోషం వాళ్లకుంటుంది, ఉప్పు లోపలికి వెళ్లదు.

కండ తగ్గుతున్న కుక్కలకు చేపనూనె ఉపయోగపడుతుంది. అందులోని ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్ఏ. రోజుకు కిలో బరువుకు ఈపీఏ 40 మి.గ్రా., డీహెచ్ఏ 25 మి.గ్రా. లక్ష్యం. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఈపీఏ దాదాపు 180 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. డబ్బా వెనక చూసి లెక్కకట్టండి, తక్కువతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి. లేకపోతే విరేచనాలు అవుతాయి. కాడ్ లివర్ ఆయిల్ వేరు, దాన్ని వాడకండి. ఆ మోతాదులో వాడితే అందులోని ఎ, డి విటమిన్లు మితిమీరతాయి.

6. నడక, ఎండ, బీచ్

మొదటి రెండు వారాలు మూత్రానికి తప్ప బయటికి వద్దు. తర్వాత అది నడిచినంత, దాని వేగంతోనే. ఆగితే ఆగండి. నడక నుంచి వచ్చాక పది నిమిషాల్లో రొప్పు తగ్గాలి, తగ్గలేదంటే రేపు దూరం సగం చేయండి. వేసవిలో తెల్లవారి 6 లోపు, రాత్రి 8 తర్వాత. తేమ ఎక్కువున్న రోజు గాలి చల్లగా అనిపించినా కుక్క ఒళ్లు చల్లబడదు, అలాంటి రోజు నడక మానేసినా నష్టం లేదు. కైలాసగిరి, సింహాచలం మెట్లు ఇక దీనికి కావు. ఇంటి మెట్లు ఎత్తుకుని దించండి.

ఆర్కే బీచ్, రుషికొండ వెళ్లకూడదని కాదు. ఇసుకలో పరుగు పెట్టనివ్వకండి, అలల దగ్గరికి వదలకండి. దాహం వేస్తే కుక్క సముద్రపు నీరు గతుకుతుంది, ఆ కాసిని గుక్కల్లోనే వారం పథ్యం వృథా అయ్యేంత ఉప్పు పోతుంది. గట్టు మీదే నడిపించి, ఇంటి నుంచి మంచినీళ్లు పట్టుకెళ్లండి.

గ్రూమింగ్‌కు ఇస్తే జబ్బు సంగతి ముందే చెప్పి, వేడిగాలి పెట్టెలో ఆరబెట్టవద్దని గట్టిగా చెప్పండి.

7. వారానికోసారి బరువు, పొట్ట కొలత

ఒకే రోజు, తిండికి ముందు. చిన్న కుక్కకు ఇంటి మిషన్ మీద మీరెత్తుకుని తూచి మీ బరువు తీసేసే పద్ధతిలో అర కిలో తేడా రావచ్చు. 5 కిలోల కుక్కకు అర కిలో అంటే పదో వంతు, కాబట్టి పసిపిల్లల మిషన్ దొరికితే మేలు. పొట్ట చుట్టుకొలత చివరి పక్కటెముక వెనక, కుక్క నిలబడి ఉండగా తీయండి. బరువు పెరుగుతూ వెన్ను మీద ఎముకలు తగులుతుంటే అది కొవ్వు కాదు, పొట్టలో నీరు. బరువు నిలకడగా ఉన్నా ఇలాగే మోసపోతాం: కండ తగ్గిన మేరకు నీరు చేరి అంకె మారకుండా ఉంటుంది. అందుకే చేత్తో వెన్ను తడిమి చూడటం మానకండి.

8. రక్తపరీక్షలు వాయిదా వేయకండి

మందులు మొదలుపెట్టిన, లేదా మోతాదు పెంచిన వారం రెండు వారాల్లో క్రియాటినిన్, యూరియా (మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేవి), సోడియం, పొటాషియం చూడాలి. ఆ తర్వాత నిలకడగా ఉంటే మూడు నాలుగు నెలలకోసారి. పరీక్ష రోజు మాత్రలు మానేసి వెళ్లకండి, మందు మీద ఉన్న ఒంటిని చూడటమే ఆ పరీక్ష ఉద్దేశం. యూరియా కొంచెం పెరిగినా కుక్క తింటూ తిరుగుతూ ఉంటే చాలాసార్లు డాక్టర్లు మందు కొనసాగిస్తారు. రిపోర్టులో ఎర్ర గీత చూసి మీరే మాత్ర తగ్గించకండి.

కుక్క తినడం మానేసినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఇవే మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆ రోజే ఫోన్ చేయండి. ఏది ఆపాలో, ఏది తగ్గించాలో వాళ్లు చెప్పాలి.

పిడుదుల జ్వరం మన దగ్గర మామూలే. దానివల్ల రక్తం తగ్గితే కూడా ఊపిరి అంకె పెరుగుతుంది. చిగుళ్లు పాలిపోయి, జ్వరం ఉంటే రక్తపరీక్షలో అది కూడా చూడమనండి. పిడుదుల మందు నెలలు తప్పకుండా వేయండి.

9. దగ్గును దగ్గులాగే చూడండి

పొమేరియన్, పగ్ లాంటి వాటికి గాలిగొట్టం మెత్తబడి బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. పెరిగిన గుండె గాలిగొట్టాన్ని నొక్కినా దగ్గే. ఈ రెంటికీ ఫ్యూరోసెమైడ్ పెంచితే ఫలితం లేదు, ఒళ్లు ఎండిపోవడం తప్ప. దగ్గుతోంది గాని నిద్రలో ఊపిరి 20 దగ్గర నిలకడగా ఉందంటే, ఊపిరితిత్తుల్లో నీరు ఉండే అవకాశం తక్కువ. దగ్గు కొత్తది, ఊపిరి అంకె కూడా పెరుగుతోంది అంటే నీరు చేరుతోందేమో అనుమానించాలి. డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు ఈ రెండూ కలిపి చెప్పండి. మెడ పట్టీ తీసేసి హార్నెస్ వేస్తే కొన్ని కుక్కల్లో సగం దగ్గు తగ్గుతుంది. మన దగ్గు సిరప్ మాత్రం పట్టకండి.

10. అత్యవసరమైతే

గుర్తులు: పడుకోలేక కూర్చునే ఉండటం, మోచేతులు పక్కలకు చాపి, మెడ ముందుకు సాచి ఊపిరి తీయడం, పొట్ట ఎగరేస్తూ శ్వాస, చిగుళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారడం, ముక్కు నుంచి గులాబీ నురగ. వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి.

- ముందే డాక్టరు ‘ఎక్స్‌ట్రా మోతాదు ఇంత’ అని రాసి ఇచ్చి ఉంటే ఆ ఫ్యూరోసెమైడ్ వేయండి. మాత్ర మింగే స్థితిలో లేకపోతే బలవంతం చేయకండి, గొంతుకు అడ్డం పడుతుంది. క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇంతకంటే త్వరగా పనిచేస్తుంది.
- క్లినిక్‌కి ఫోన్ చేసి ‘గుండె కుక్క, ఆయాసం, ఆక్సిజన్ రెడీగా ఉంచండి’ అని చెప్పి బయల్దేరండి. ఫోన్ ఎత్తకపోతే రెండో నంబరు.
- అది కూర్చున్నట్టే కూర్చోనివ్వండి. పక్కకు పడుకోబెట్టకండి, గట్టిగా వాటేసుకోకండి, నీళ్లు పట్టకండి. కారులో ఏసీ వేయండి.
- మందుల స్ట్రిప్పులు, నోట్‌బుక్ చేతిలో ఉండాలి.

గాజువాక, మధురవాడ వైపు ఉండేవాళ్లు రాత్రిపూట ఆక్సిజన్ ఉన్న క్లినిక్‌కి ఎంతసేపు పడుతుందో మామూలు రోజే ఒకసారి వెళ్లి చూసుకోండి. చిన్న ఆక్సిజన్ స్ప్రే డబ్బాలు కొద్ది నిమిషాలకే ఖాళీ అవుతాయి, వాటిని నమ్ముకుని ఇంట్లో ఉండిపోకండి.

ఉన్నట్టుండి కూలబడి, అర నిమిషంలో లేచి మామూలుగా తిరిగితే అది చాలాసార్లు గుండె లయ తప్పి వచ్చిన స్పృహ తప్పడం. నోట్లో చెంచా పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం చేయకండి. వీలైతే వీడియో తీసి అదే రోజు డాక్టరుకు చూపండి, ఫిట్సో కాదో దాన్ని బట్టే తేలుతుంది.

11. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ముందుగా చెప్పాల్సినవి

విరేచనాలని దగ్గర్లోని కొత్త క్లినిక్‌కి తీసుకెళితే మామూలుగా సెలైన్ ఎక్కిస్తారు. గుండె జబ్బు సంగతి తెలియక వేగంగా ఎక్కిస్తే ఊపిరితిత్తులు నిండిపోతాయి. బల్ల మీద పెట్టకముందే చెప్పండి. కీళ్ల నొప్పులకు మెలోక్సికామ్, కార్‌ప్రొఫెన్ లాంటివి, స్టెరాయిడ్లు ఈ మందులతో కలిస్తే మూత్రపిండాలకూ గుండెకూ చేటు. ఇంట్లో ఉన్న బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, పారాసెటమాల్ ఏవీ వద్దు.

12. తుఫాను, దీపావళి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, షాపులు లేవు. అందుకే 15 రోజుల మందు నిలవ అన్నది. అక్టోబరు, నవంబరు హెచ్చరికలు వచ్చినప్పుడు దాన్ని నెలకు పెంచి, నీళ్లు చొరని డబ్బాలో పెట్టండి. చేత్తో విసరడానికి విసనకర్ర, తడిగుడ్డ, చార్జింగ్ ఫ్యాను సిద్ధంగా ఉంచండి.

బాణసంచాకు భయపడి రొప్పే కుక్కకు గుండె మీద ఒత్తిడి పెరుగుతుంది. పండక్కి రెండు వారాల ముందే డాక్టరుతో మాట్లాడి, ఏ మందు ఎంత అనేది రాయించుకోండి. ఆ రోజు సాయంత్రం మాత్ర, మూత్రం పనులన్నీ చీకటి పడకముందే ముగించి లోపలి గదిలో ఫ్యాను చప్పుడుతో ఉంచండి. మత్తు మాత్ర సొంతంగా కొని వేయకండి.

ముందుముందు ఏమవుతుంది

బాగా చూసుకున్న కుక్కలు చాలా నెలలు, కొన్ని ఏడాదికి పైగా సంతోషంగా గడుపుతాయి. కానీ మోతాదులు పెరుగుతూనే పోతాయి. ఒక దశలో ఎక్స్‌ట్రా మోతాదులు వారానికోసారి, తర్వాత రెండు రోజులకోసారి అవసరమవుతాయి. నోట్‌బుక్‌లో ఇంకో గడి గీసి రోజూ మూడు సంగతులు రాయండి: తిండి తిన్నదా, రాత్రి పడుకోగలిగిందా, మీరు ఇంటికొస్తే తోక ఊపిందా. వారంలో వీటికి ‘లేదు’ అని రాసే రోజులు ‘అవును’ అని రాసే రోజుల కంటే ఎక్కువైతే, ఆయాసంతో రాత్రిళ్లు కూర్చునే గడుపుతుంటే, బాధ లేకుండా సాగనంపడం గురించి మీ డాక్టరుతో పగటిపూట, తీరిగ్గా మాట్లాడండి. ఆ మాట ఎమర్జెన్సీ బల్ల దగ్గర అర్ధరాత్రి మొదటిసారి వినాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.